చెల్లెలి ఊపిరి

అరచేతులు మండేదాకా చప్పట్లు కొడతావు. "ఇంకోసారి, ఇంకోసారి" అని గొంతు చించుకుంటావు. ఆ పాట ఎవరి ఊపిరి మీద నడుస్తోందో ఏనాడైనా అడిగావా? అడగవు. టిక్కెట్టు కొన్నాను, నాకు హక్కుంది అనుకుంటావు. సిగ్గులేని మాట అది. నోరు మూసుకుని ఇది విను.

స్పెయిన్‌లోని బిల్బావోలో ఆట ఉన్న రోజు ఒబ్దూలియా తెల్లారకముందే లేచేది. అక్క దుస్తులు ఇస్త్రీ చేసేది. అక్కకు శనగలు ఉడకబెట్టి పెట్టి, తాను మాత్రం పాలలో ముంచిన రొట్టెముక్కతో సరిపెట్టుకునేది. కడుపు నిండితే ఊపిరి బరువెక్కుతుందని ఆమె భయం.

అక్క కసిల్దా ఒపేరా గాయని. మాడ్రిడ్ నుంచి లిస్బన్ దాకా ఆమె హెచ్చుస్థాయి గొంతు వినడానికి జనం ఎగబడేవారు. ఆ గొంతు కసిల్దాదే. ఊపిరి మాత్రం చెల్లెలిది. అక్క వేదిక మీద ఒక స్వరాన్ని పట్టి నిలిపితే, తెరపక్కన కూర్చున్న ఒబ్దూలియాకు ఊపిరి ఆగేది. స్వరం దిగగానే మళ్ళీ ఆడేది. చిన్నప్పటినుంచీ అంతే. నాటకశాలలో ఎవరికీ అది వింత కాదు. తెరవెనక పనులన్నీ చూసే ఎవరిస్తో అనే అతను ఒబ్దూలియా పెదవులనే గమనిస్తుండేవాడు. అవి నీలంగా మారగానే ఎర్రదీపం వెలిగించేవాడు. దీపం చూసి, వాద్యబృందాన్ని నడిపే మేస్త్రో చెయ్యి దించి పాట ముగించేవాడు.

ఆ ఆదివారం మధ్యాహ్నం ఆటకు ఒబ్దూలియా దగ్గుతూ వచ్చింది.

"ఇదేం దగ్గు తల్లీ, ముసలి గాడిదలా!" అన్నాడు ఎవరిస్తో.

"నీ చుట్ట కంపుకే. ముందు అది ఆర్పు," అని ఆమె అక్క గదిలోకి వెళ్ళింది.

కసిల్దా అద్దం ముందు కనుబొమలు దిద్దుకుంటోంది.

"అక్కా, రొమ్ము పట్టేసింది. ఇవాళ ఒక్కసారే పాడు. పైగ్యాలరీవాళ్ళు మళ్ళీ అడిగినా వంగి దండం పెట్టి వచ్చెయ్."

"పోయినవారం మిలాన్ నుంచి వచ్చిన ఆ పాటగత్తెను నెత్తిన పెట్టుకుంది ఆ గ్యాలరీయే. స్వరం నాకంటే ఎక్కువసేపు పట్టిందట!"

"పట్టనీ. నాకివాళ చేతకాదు."

"మూతి ముడవకే. ఒక్కసారే పాడతాను. బెగోన్యా మాత మీద ఒట్టు."

ఒట్టు వేసిన నోటికే రంగు పూసుకుని కసిల్దా వేదిక ఎక్కింది.

మొదటిసారి పాట గట్టెక్కింది. ఒబ్దూలియా స్తంభం పట్టుకుని గాలి కోసం రొప్పుతోంది. అంతలోనే పైనుంచి కేకలు మొదలయ్యాయి. "మళ్ళీ! మళ్ళీ!" కాళ్ళతో చెక్కనేల దడదడలాడించారు. మేస్త్రో తెరపక్కకు చూశాడు. వద్దని ఎవరిస్తో తల అడ్డంగా ఊపాడు. కసిల్దా మాత్రం గ్యాలరీ వైపు తలెత్తి, గుండె మీద చెయ్యి వేసుకుని, సరేనన్నట్టు తల వంచింది. అంతమంది ముందు ఆమె ఒప్పుకున్నాక మేస్త్రో కాదనలేకపోయాడు.

"లేచి వీధిలోకి పో," అన్నాడు ఎవరిస్తో. "నువ్వు దూరమైతే ఆ లంకె తెగుతుంది. పో!"

"పాట మధ్యలో దాని గొంతు ఆగిపోతే ఈ జనం దాన్ని బతకనిస్తారా? కూర్చుంటాలే."

"పిచ్చిదానా, అక్కడ మీ అక్క నీకు వేసిన ఒట్టు గాలికి పోయింది!"

ఒబ్దూలియా కదల్లేదు. ఒడిలో చేతులు బిగించుకుంది. పాట పైకి, పైపైకి ఎక్కి చివరి స్వరం దగ్గర నిలిచింది. ఒబ్దూలియా ఊపిరి ఆగిపోయింది. పెదవులు పాలిపోయి నీలమయ్యాయి. ఎవరిస్తో దీపం వెలిగించాడు. మేస్త్రో చెయ్యి దించాడు. వాద్యాలన్నీ ఒక్కసారిగా ఆగాయి.

కసిల్దా ఆగలేదు.

దీపం ఆమెకు కనిపించింది. చూసి, మొహం తిప్పుకుంది. ఒంటరి స్వరం హాలంతా పట్టుకుని ఊగింది. ఒబ్దూలియా పక్కకు ఒరిగింది. ఎవరిస్తో ఆమె చెంపలు తడుతూ, "ఆపవే రాక్షసీ!" అని వేదిక వైపు అరిచాడు. ఆ అరుపు చప్పట్లలో మునిగిపోయింది. కసిల్దా తనకు చాలనిపించాకే నోరు మూసింది.

కాసేపటికి ఒబ్దూలియా కళ్ళు తెరిచింది. గాలి పీల్చింది. ఎప్పుడూ పీల్చనంత దీర్ఘంగా పీల్చింది. సరిగ్గా అప్పుడే, వేదిక మీద పూలగుత్తి అందుకుంటున్న కసిల్దా గొంతు పట్టుకుని తెర మీదికి తూలింది.

ఆ రోజుతో కసిల్దా పాట ముగిసింది. లంకె తెగలేదు, తిరగబడింది. వైద్యులు విని, "ఓహో, అలాగా," అని సంచీ సర్దుకుని వెళ్ళిపోయారు.

అన్నేళ్ళూ గొంతెత్తని ఒబ్దూలియాకు, కాడ్ చేపను వెల్లుల్లి నూనెలో వేయిస్తుంటే పాడాలనిపించింది. తొలిసారి రెండు పాదాలు ఆపకుండా పాడేసరికి పక్కగదిలో కుర్చీ పడ్డ చప్పుడు వినిపించింది. వెళ్ళి అక్కను లేపి కూర్చోబెట్టింది.

"నేను పాడటం మానను అక్కా," అంది. "కానీ పాదం పాదానికీ ఆగుతాను. అప్పుడు నువ్వు ఊపిరి తీసుకో."

ఆమె మాట తప్పలేదు. కసిల్దా మాత్రం చచ్చేదాకా ఆ మాటను నమ్మలేకపోయింది. వంటింట్లో పాట మొదలైతే చాలు, కుర్చీ చేతులు పిడికిట బిగించి, ఈ పాదం దగ్గర చెల్లెలు ఆగుతుందో ఆగదో అని వణుకుతూ కూర్చునేది.