మేస్త్రి మూయని కన్ను

బిలియర్డ్స్ లాంటి పూల్ ఆట ఆడే హాల్లో, గోడకి ఆనించిన పన్నెండు కర్రల్లో పదకొండింటిని వడ్రంగి మేస్త్రి అప్పటికే పక్కన పెట్టేశాడు. ఒక్కోదాన్నీ భుజం ఎత్తుకి లేపడం, ఎడమ కన్ను మూసి కుడి కంటితో కొనదాకా చూడడం, "వంకర" అని పెదవి విరవడం.

"గుమ్మానికి బిగించే చెక్క కాదు నాన్నా!" కూతురు తల పట్టుకుంది. "చేతికి బరువు సరిపోవాలి, కొన మీద తోలు అరిగిపోకూడదు. రవ్వంత వంకరుంటే కొంపలేం మునగవు."

"నీకు మునగవు. వడ్రంగిని, నాకు మునుగుతాయి" అని మేస్త్రి పన్నెండోది పుచ్చుకున్నాడు. రోకలంత బరువు. అయినా తిన్నగా ఉంది, ఆయనకదే చాలు.

ఈ వయసులో ఆయనకిదేం సరదా అంటారా? సరదా కాదండీ, శుద్ధ కుళ్ళు! రెండేళ్లుగా జంటల పోటీల్లో పిల్ల తన మేనమామతో కలిసి ఆడుతోంది. కప్పు పట్టుకుని మామా మేనకోడలూ పళ్ళికిలించిన ఫొటో హాల్లో వేలాడుతోంది. ఎత్తుకుని తిప్పింది తను, ఫొటోలో మాత్రం బావమరిది! అది చూసినప్పుడల్లా మేస్త్రికి ఒళ్ళు మండేది. చివరికి ఉండబట్టలేక పందెం కాశాడు. ఆదివారం తనూ పిల్లా ఒకవైపు, బావమరిదీ అతని భార్యా ఒకవైపు. గెలిస్తే ఈ ఏటి పోటీకి పిల్ల తనతో వస్తుంది.

"ఓడితే నాతోనే, మాట తప్పకు బావా" అన్నాడు బావమరిది నవ్వుతూ.

ఇక సాధన మొదలైంది. కొట్టిన ప్రతి బంతీ, బల్ల అంచున అది పడాల్సిన పాకెట్‌కి వేలెడు పక్కగా పోతోంది. ఎప్పుడూ ఒకే పక్కకి. మూడో రోజుకి కూతురు సంగతి పట్టేసింది.

"నాన్నా, కన్ను మూస్తున్నావు."

"మూయకపోతే గురెలా కుదురుతుందే? ముప్ఫై ఏళ్లుగా ఇన్ని తలుపులు ఈ ఒక్క కంటితోనే నిలబెట్టాను."

"కర్ర నీ గడ్డం కింద నడిమధ్యన ఉంది. ఒంటికంటితో దాన్ని పక్కనుంచి చూస్తున్నావు. రెండూ తెరువు."

తెరిచాడు. "అమ్మో, రెండు కర్రలు కనిపిస్తున్నాయే! దేంతో కొట్టను?"

"కర్రని చూడకు, బంతిని చూడు" అంటూ ఆ రోకలిని లాక్కుని, తేలికగా ఉన్న మరో కర్ర చేతిలో పెట్టింది. అది వంకరదే. మేస్త్రి చేదు మందు మింగినట్టు మొహం పెట్టి తీసుకున్నాడు.

ఆదివారం వచ్చింది. ఆట చివరి నల్ల బంతి దాకా లాగింది. అది పాకెట్‌లో వేసినవాళ్లదే గెలుపు. వంతు మేస్త్రిది.

"తొందరేం లేదు బావా, కుర్చీ వేయించనా?" అన్నాడు బావమరిది.

మేస్త్రి వంగాడు. పాడు అలవాటు, ఎడమ రెప్ప వాలిపోతోంది. ఆట మధ్యలో సలహాలు చెప్పకూడదు. కూతురు పాకెట్ వెనక్కి వెళ్లి నిలబడి, తన రెండు కళ్ళూ ఇంతింత చేసి చూసింది. మేస్త్రికి నవ్వొచ్చింది. రెప్ప వాలలేదు. కొట్టాడు.

నల్ల బంతి తిన్నగా వెళ్లి పడింది. మేస్త్రి ఒక్క గంతేశాడు. ఆ గంతు పూర్తికాకుండానే, కర్రతో కొట్టిన తెల్ల బంతి కూడా తీరిగ్గా దొర్లుకుంటూ వెళ్లి దాని వెనకే పడింది. అలా పడితే ఆట పోయినట్టే.

మేస్త్రికి ఏడుపొక్కటే తక్కువ. బావమరిది పోటీ కాగితం తీసి, పిల్ల పేరు రాసి, పక్కన తన పేరు రాయబోయాడు. కూతురు ఆ పెన్ను లాక్కుని అక్కడ నాన్న పేరు రాసింది.

"ఓడిపోయాం కదమ్మా! పందెం పందెమే" అన్నాడు మేస్త్రి గాభరాగా.

"పందెం మీరూ మీరూ కాసుకున్నారు. ఎవరితో ఆడతానో నన్నెవరైనా అడిగారా?"

బావమరిది మేస్త్రి మొహం చూశాడు, మేస్త్రి బావమరిది మొహం చూశాడు.

"రెండేళ్లూ నువ్వు అడగలేదని మావయ్యతో ఆడాను నాన్నా" అంది కూతురు.