బెల్లం కొట్టిన రాళ్లు

ఆఫీసరు జీపు గేటు దగ్గర హారను కొట్టేసరికి, కూలీల మేస్త్రీ బంగార్రాజు సొలొమోనును రెక్క పట్టుకుని బస్తాల గోదాంలోకి ఈడుస్తున్నాడు. సొలొమోనుకు దగ్గు తెరలు తెరలుగా వస్తోంది. గుమ్మంలో తూలి పడితే, బంగార్రాజు డొక్కలో ఒక్క తన్ను తన్ని లోపలికి దొర్లించాడు.

"ఆఫీసరు ఎల్లీదాకా కిక్కురుమన్నావంటే సంపీస్తాను," అంటూ ఇంత బెల్లంముక్క అతని నోట్లో కుక్కాడు. పైన తువ్వాలుతో మూతి బిగించి కట్టాడు. చేతులు కూడా వెనక్కి విరిచి కట్టి, రేకు తలుపు మూసి తాళం వేసి, తాళంచెవి మొలలో దోపుకున్నాడు.

సొలొమోను భార్య కృపమ్మ పార పట్టుకుని అక్కడే నిలబడి ఉంది.

"ఆయనికి ఊపిరాడదు బాబూ! మూతికట్టు ఒక్కటీ ఇప్పీయండి, మీ కాళ్లట్టుకుంటాను."

"అరగంటలో సచ్చిపోడులే. నువ్వు గానీ నోరిప్పేవా, రేపట్నుంచి మీ ఇద్దరికీ కామ్ బంద్. టెక్కలి నుంచి మిమ్మల్ని తెచ్చినోడ్ని నానే, తిరిగి రైలెక్కించీవోడ్నీ నానే!"

అది ఎనభై నాలుగు, మే నెల. హిందీ మాట్లాడే దేశంలో, కోహ్కా అనే ఊరి అవతల ఉన్న ఆ మిల్లులో తెల్లరాయిని పిండి చేస్తారు. కొలుములకు లోపలి పూతగా వేసే పిండి అది. మగవాళ్లకు రోజుకు తొమ్మిది రూపాయలు, ఆడవాళ్లకు ఏడు. ఆపైన మనిషికొక ముక్క అనకాపల్లి బెల్లం. బెల్లం తింటే గొంతులో దుమ్ము కడుపులోకి దిగిపోతుందనీ, ఊపిరితిత్తుల జోలికి పోదనీ బంగార్రాజు చెప్పేవాడు. మనవాళ్లూ నమ్మారు, వాళ్ల తాతలూ అదే మాట చెప్పారు గనక. మన అమాయకత్వానికి నవ్వాలో ఏడవాలో తెలియదు. మూతికి గుడ్డ అడగవలసినవాళ్లు, ఇంకాస్త పెద్ద ముక్క పెట్టమని అడిగారు!

దుమ్ము లాగే ఫ్యాను ఉంది. కరెంటు దండగని దాన్ని తిప్పరు. నిరుడు ఇద్దరు మగవాళ్లు రక్తం కక్కుకుని పోతే, క్షయ అని రాసి చేతులు దులుపుకున్నారు. ఏడేళ్లుగా పిండిమర నోటి దగ్గరే నిలబడుతున్న సొలొమోను వంతు ఇప్పుడొచ్చింది.

ఆఫీసరు వచ్చి గాలిలో దుమ్ము కొలిచే రోజు మాత్రం పద్ధతి వేరు. ఫ్యాను హోరున తిరుగుతుంది. రెండు పిండిమరల్లో ఒకటి ఆపి, నేలంతా నీళ్లు చల్లుతారు. పొద్దున్నే బెల్లం పంచి, బుగ్గన పెట్టుకోమంటారు. దగ్గు ఆపుకోలేనివాణ్ణి గోదాంలో పెడతారు.

ఆఫీసరు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని దిగాడు. గాలి పీల్చే పెట్టెను ముక్కాలిపీట మీద పెట్టించి, కూలీల వరసవైపు తిరిగాడు.

"కిసీకో ఖాసీ హై?" అన్నాడు. ఎవరికైనా దగ్గు ఉందా అని.

అందరూ బెల్లం కొట్టిన రాళ్లలా నిలబడ్డారు. ముసలి తాతబ్బాయి కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి, దగ్గు మింగుతున్నాడు. కృపమ్మా మింగుతోంది. నాలుగు నెలలుగా ఆమెకూ దగ్గు, దాన్ని మింగే విద్యా వచ్చింది.

ఫ్యాను హోరులో ఆమెకు ఇంకొక చప్పుడు వినిపిస్తోంది. గోదాం రేకు తలుపును లోపలినుంచి మడమతో తన్నుతున్న చప్పుడు. మొదట గబగబా తన్నాడు. తరవాత ఆగి ఆగి తన్నాడు. ఆమె తన్నులు లెక్కపెట్టుకుంటూ నిలబడింది. ఆఫీసరు పెట్టె సర్దించి జీపువైపు నడిచే వేళకు, ఒక తన్నుకూ ఇంకో తన్నుకూ మధ్య చాలాసేపు పడుతోంది.

పని పోతే ఏం తింటాం అనుకుంది కృపమ్మ. మనిషే పోతే? ఆమెకు ఒళ్లు మండిపోయింది. బుగ్గనున్న బెల్లం తుపుక్కున ఊసింది. దాని నిండా తెల్లటి రాతిపిండి. అంతవరకూ ఉగ్గబట్టుకున్న దగ్గును వదిలేసింది.

బంగార్రాజు ఒక్క అంగలో వచ్చి కర్రతో ఆమె వీపు మీద కొట్టాడు. ఆమె మోకాళ్ల మీద పడి దగ్గింది. రెండో దెబ్బకు తల చిట్లింది. తడినేల మీద రక్తం కారుతుంటే, దగ్గుల మధ్యనే అరిచింది.

"సాబ్! గోదామ్ మే ఆద్మీ హై! మా ఆయన సచ్చిపోతన్నాడు సాబ్!"

తాతబ్బాయి కూడా బెల్లం ఊసేసి దగ్గాడు. పక్కనున్న పార్వతమ్మ దగ్గింది. వరసంతా దగ్గింది. బంగార్రాజు కర్ర ఎవరిమీద ఎత్తాలో తెలియక నిలబడిపోయాడు.

ఆఫీసరు జీపు మెట్టు మీద పెట్టిన కాలు దించాడు. ముందు ఫ్యాను ఆపమన్నాడు. తరవాత తాళం తియ్యమన్నాడు.

"ఖాలీ గోదామ్ సాబ్, ఎవుడూ లేడు," అన్నాడు బంగార్రాజు. చెయ్యి మాత్రం మొల దగ్గరే పెట్టుకున్నాడు.

ఫ్యాను ఆగింది. అందరూ దగ్గు బిగబట్టి విన్నారు. గోదాంలోంచి దగ్గు వినిపించలేదు. తన్నూ వినిపించలేదు.

కృపమ్మ లేచింది. పార రెండు చేతులా పట్టుకుని తలుపు దగ్గరికి నడిచింది. బంగార్రాజు అడ్డం వచ్చాడు.

"తప్పుకో," అంది. ఏడేళ్లలో అతణ్ణి ఆమె బాబూ అని పిలవకుండా మాట్లాడటం అదే మొదలు.

అతను తప్పుకున్నాడు. ఆమె పార ఎత్తి తాళం మీద కొట్టింది. తాళం ఊడలేదు. మళ్లీ ఎత్తింది.