ఎటు దిక్కు సప్పుడు

తపేల అడుగు తోముతనే ఉన్న, షెడ్డులకెళ్లి మా ఆయన పిలిచిండు. "మహేశ్వరీ, జర వచ్చి పండుకో. సార్ ఆగి ఉన్నడు." కొత్తగ విన్నోళ్లు ఏమన్న అనుకుంటరు గని మా ఇంట్ల ఇది పనే. మా ఆయన నగేష్ పాతబస్తీ ఛత్రినాకల మా ఇంటి పక్క షెడ్డుల జీపులకు సొరుగులు బిగిస్తడు. గుట్టలు, ఎడార్లు తిరగాలని మోజున్నోళ్లు వస్తరు. డిక్కీల ఒక సొరుగుల పొయ్యి, ఒక దాంట్ల గిన్నెలు, ఇంకో దాంట్ల పానాలు, టార్చిలైట్లు. మీద చెక్క పలక, పలక మీద పరుపు, చీకటైతే ఆళ్లు అండ్లనే పండుకుంటరు. బండి అప్పజెప్పే ముందు నేను గా పలక మీద పండుకోవాలె. ఆయన గుంతల రోడ్ల మీద నడుపుతడు. ఏ సొరుగు లొడలొడమంటుందో విని నేను చెప్పాలె. ఎడమ దిక్కు, మీది సొరుగు, ఎనక బోల్టు అంటే, ఆయన బండి ఆపి గదే బిగిస్తడు. ఆయనే పండుకొని నువ్వు నడుపొచ్చు గద అంటరేమో. నాకు బండి నేర్పలె. ఆయన పొట్ట గా సందుల పట్టది గూడ.

మొదట్ల నాకు గీ పని మస్తు నచ్చింది, అబద్ధమెందుకు. పగటి పూట నడుము వాల్చే హక్కు మా ఇంట్ల అత్తమ్మకే ఉంది. నాకు బండ్లనే. అద్దంలకెళ్లి కరెంటు తీగలు, తీగలకు చిక్కిన పతంగులు, మసీదు మీనార్లు తలకిందులుగ పోతుంటయి. బార్కస్ దగ్గరికొస్తే మండీ హోటళ్ల మటన్ వాసన లోపటికొస్తది. గదే నా షికారు. పండుకున్నట్టూ ఉంటది, పనీ అయితది, ఎవ్వలు ఏమనరు. సొరుగులల్ల కార్పెట్ అంటించేది గూడ నేనే. గమ్ము పూసి, మూలలు మలిచి, బుడగ లేవకుండ అరచేతితోని రుద్దుడే రుద్దుడు. పొద్దుందాక గా వాసన పీల్చి, రాత్రి బువ్వ ముంగట కూసుంటే ముద్ద దిగది. వచ్చిన సార్లు మూలల మీద వేలు పెట్టి చూసి, ఎవరు చేసిండ్రు నగేష్ అనడుగుతరు. లేబర్ ఎవ్వలు లేరు సార్, అంత ఇంట్లనే అంటడు. ఇంట్లనే అంటే ఎవరని ఏ సారూ అడగడు. నేను పక్కనే ఛాయ్ పట్టుకొని నిలవడి ఉంట.

ఈసారి బోనాలప్పుడు నోరు జారిన. జారిన అంటున్న గని, జారలె, చెప్పాలనే చెప్పిన. ఇంటి నిండ చుట్టాలు. మా ఆయన దోస్తు రామ్‌చందరన్న షెడ్డుల ఉన్న బండి చూసొచ్చి, మూలలు గంత సాఫ్‌గ ఎట్ల వచ్చినయి, మిషన్ మీద చేయించినవా అనడిగిండు. నేను ఆయన పల్లెంల మటన్ వేస్తున్న. "మిషన్ కాదన్నా, నేను చేసిన" అన్న. గంతే. అందరు నవ్విండ్రు. నగేష్ గూడ నవ్విండు. చుట్టాలు పోయినంక వంటింట్లకొచ్చి కొట్టిండు. నలుగుట్ల నా ఇజ్జత్ తీస్తవా అన్నడు. దెబ్బ చెంప మీద కాదు, కుడి చెవి మీద పడ్డది. గల్లీల డప్పులు మోగుతున్నయి, నాకు మాత్రం లోపట ఒక్క తీర్గ సీటీ కొట్టినట్టయింది. ఆయన పోయి పీట మీద కూసొని, బోటి కూర మిగిలిందా అనడిగిండు. మిగిలింది. తెచ్చి వేసిన. ఏడుపొస్తదేమో అని చూసిన. రాలె.

సీటీ తగ్గింది గని గా చెవి మళ్ల వినపడలె. అత్తమ్మకు చెప్పిన. మా అత్తమ్మ ఆండాలు చెడ్డది కాదు. ఎల్లిపాయలు ఏసి నూనె కాచింది, నన్ను తన తొడ మీద పండవెట్టుకొని చుక్కలు చుక్కలు పోసింది. పోసుకుంట చెప్పింది. "ఎవ్వలన్న అడిగితే తలకు పోసుకుంటే చెవిల నీళ్లు వొయినయని చెప్పు బిడ్డా. నగేష్‌కు మాత్రం తెల్వనియ్యకు. వాని మనసు మెత్తన, తెలిస్తే కుమిలిపోతడు." సరే అన్న. కొట్టినోడు కుమిలిపోతడని చెవి పోయినదాన్ని నేను దాచిన. ఫోన్ ఎడమ చెవికి మార్చిన. ఆయన కుడి పక్క నుంచి మాట్లాడితే పెదాలు చూసి తలూపుడు నేర్చుకున్న. దవాఖానకు పోతే ఎట్లయిందని అడుగుతరు, ఆయనకు తెలుస్తదని పోలె. కోపం రావాలె గద మనిషికి? కోపం లేదు, దుఃఖం లేదు. తిమ్మిరెక్కిన కాలు మీద నిలవడ్డట్టు, నాది కాదన్నట్టే ఉంటుండె ఒళ్లంత. ఒక్కటి మాత్రం పట్టుకొని ఉన్న. చెప్తే ఆయన కుమిలిపోతడు. నేను చెప్తలేను కాబట్టే ఆయన అట్ల నవ్వుకుంట తిరుగుతున్నడు. అంటే ఆయన లోపట నా కోసం బాధపడే మనిషి ఒకడు ఉన్నడు, నేనే వాన్ని లేపుతలేను. గా మనిషి మీద భరోసతోనే ఇన్ని దినాలు వంట చేసిన, మూలలు మలిచిన.

ఒక చెవి పోతే సగం వినపడ్తదనుకుంటరు. కాదు. సప్పుడు మొత్తం వినపడ్తది. ఎటు నుంచి వస్తుందో తెల్వది. కుక్కర్ కూసేది మా ఇంట్లనో పక్కింట్లనో తెల్వక ఉరుకుత. అత్తమ్మ పిలిస్తే పెరట్లకు పోయి చూస్త, ఆమె ముందర అర్రల ఉంటది. ఇంగ బండ్ల పండుకున్న నా గతి చెప్పాల్నా. సొరుగు మోగేది తెలుస్తుండె. ఎడమనో కుడినో అంచనా మీద చెప్తుంటి. కొన్నిసార్లు తగిలింది. మనీష్ సార్ బండికి తగల్లె. రాజస్థాన్ ఎడారికి పోవాలని చేయించుకున్న నల్ల జీపు అది. నేను ఎడమ దిక్కన్న, మా ఆయన ఎడమది బిగించిండు, మళ్ల నడిపి చూసే టైం లేదని అప్పజెప్పిండు. సార్ ముందుగాల అనంతగిరి అడవిల తిప్పి చూసిండట. కుడి సొరుగు ఊడొచ్చి, పొయ్యి సొట్టవొయింది. ఇయ్యాల బండి ఎనకకు తెచ్చిండు. సార్ ఏం పెద్దగ అనలె. అన్నది మా ఆయనే, సార్ ముంగటనే. చెవులున్నయా నీకు, పండుకొని ఏమిన్నవ్, నిద్రవొయినవా అన్నడు. సార్ ఫోన్ల మొకం పెట్టుకున్నడు. ఊడిన సొరుగు మళ్ల బిగించినంక, మీరు ముందల కూసోండ్రి సార్, మీ ముంగటనే టెస్ట్ చేస్త అని, నన్ను పిలిచిండు.

తడి చేతులు కొంగుకు తుడుచుకొని ఎక్కి పండుకున్న. మా ఆయన బయటి నుంచి డిక్కీ తలుపు ఏసిండు. బండి కదిలింది. తీగలు, పతంగులు, మీనార్లు అన్ని పోతున్నయి, చూస్తున్న గని ఏం అనిపిస్తలేదు. చాంద్రాయణగుట్ట దాటినంక తవ్వి పెట్టిన రోడ్డు మీద సప్పుడు మొదలైంది. లొడలొడ, లొడలొడ.

"ఎటు దిక్కు?" అని కేకేసిండు.

కుడి అనేది నోట్లకు వచ్చింది. పోయినసారి ఊడింది కుడిదే, మళ్ల అదే అయి ఉండొచ్చు. కాకపోవచ్చు గూడ. తప్పయితే మళ్ల చెవులున్నయా అంటడు. ఒప్పయితే రేపు ఇంకో బండి ఉంటది, ఇంకో గుంత ఉంటది, మళ్ల ఇట్లనే అడుగుతడు. నాకు ధైర్యమొచ్చి చెప్పలె. అలిసిపోయి చెప్పిన.

"తెల్వది" అన్న.

"తెల్వదంటే ఏంది?"

"సప్పుడొస్తుంది. ఎటు నుంచో తెల్వది. నాకు కుడి చెవి వినపడది. బోనాలప్పుడు నువ్వు కొట్టిన కాడికెళ్లి."

చూస్తున్న. ఇప్పుడు బ్రేకు కొడ్తడనుకున్న. ఎనకకు తిరుగుతడు. ఆ మొకం ఎట్లయితదో ఎన్నిసార్లు మనసుల చూసుకున్ననో. పాపం అని గూడ అనుకున్న. నీ కోసమే చెప్పలె, కుమిలిపోతవని చెప్పలె అనే మాట సుత తయారు పెట్టుకున్న. బండి స్పీడ్ తగ్గలె. ఆయన సార్ దిక్కు తిరిగి నవ్విండు.

"గట్లేం లేదు సార్. తలకు పోసుకుంటే నీళ్లు వొయినయట, గప్పుడే అమ్మ చెప్పింది నాకు. ఇంకో చెవి మంచిగనే ఉన్నది. పని నడుస్తది."

గప్పుడే అమ్మ చెప్పింది. అంటే ఎర్కనే. బోనాలు అయిన కాడికెళ్లి ఎర్కనే. ఎర్కుండే బండ్లల్ల పండవెట్టిండు. ఎర్కుండే పొద్దుగాల సార్ ముంగట చెవులున్నయా అనడిగిండు. పెదాలు చూసి తలూపుతుంటే చూసిండు, ఏం అనలె. కుమిలిపోతడని నేను ఇన్ని దినాలు దాచి కాపాడిన మనిషి అసలు లేడు.

"బండి ఆపు" అన్న. ఆయన ఆపలె. మనీష్ సార్ మెల్లగ, ఆపండి నగేష్ అన్నడు. అప్పుడు ఆపిండు. సారే దిగొచ్చి డిక్కీ తీసి, నా దిక్కు చూడకుండ పక్కకు జరిగిండు. చెప్పులు ఎతుక్కొని దిగిన. మా ఆయన ఉరికొచ్చి చెయ్యి పట్టుకున్నడు. సార్ ముంగట ఏంది లొల్లి, ఇంటికి వోయినంక మాట్లాడుకుందాం అంటున్నడు.

"ఇంగ నేను పండుకోను" అన్న. "నువ్వు పండుకో. సార్ నడుపుతడు."

"ఏడికి వోతున్నవ్?"

"కోఠికి. చెవుల దవాఖానకు."

ఆయన ఒకసారి సార్‌ను చూసిండు. నాకు దగ్గరికొచ్చి, ఎడమ చెవి పక్కకే వచ్చి, మెల్లగ చెప్పిండు. "సరే పో. నీళ్లు వొయినయనే చెప్పు ఆడ."

నా చెయ్యి నేను గుంజుకున్న. రోడ్డు దాటి, ఆటో ఆపి ఎక్కిన. దవాఖానల ఎట్లయిందమ్మా అని అడుగుతరు. నా మొగడు కొట్టిండని చెప్త.