పదకొండు గంటల ఆట

"రెండు గంటలలోపే ఆడి ఉంటే పైసలు వాపస్ ఇస్తరంట!"

ఫోన్‌లో ఆ నిబంధన చదవగానే మా ఆయన ఋషికేశ్ చెయ్యి పట్టుకుని గిర్రున తిరిగాను. నా కొత్త పట్టీలు ఘల్లుమన్నాయి. పెళ్లయి నెల కాలేదు. కళ్లద్దాలకని అత్తమ్మ నా దగ్గర దాచిన డబ్బుతో ఆయన పుట్టినరోజుకు కంప్యూటర్ ఆట కొన్నాను. జీతం రాగానే మళ్లీ పెట్టేద్దామనుకున్నాను. అత్తమ్మేమో, బీడీ కట్టే దారం కనబడడం లేదు, రేపే అద్దాలు కొందామంది.

"మనం ఆడింది అరగంటే గదా!" అంటూ వాపసు అడిగాను. నిమిషంలో జవాబొచ్చింది: మీరు ఆడినది పదకొండు గంటలు, డబ్బు తిరిగి రాదు.

ఆయన మొహం పాలిపోయింది. "కార్ఖానాల షిఫ్టు మారినా చీరలు నేసే సాంచ బంద్ చెయ్యం గద, కోమల్. గదే అలవాట్ల ఆట చాలూ ఉంచి డ్యూటీకి పోయిన."

"మరి పదకొండు గంటలల్ల ఎన్ని చీరలు నేసినవ్?" అన్నాను. ఇద్దరికీ నవ్వు మాత్రం రాలేదు. పక్కగదిలో అత్తమ్మ దారం కోసం చాట తడుముతోంది.

"అమ్మకు నేను చెప్త," అన్నాడాయన.

"వద్దు, కొన్నది నేను. రేపు పొద్దుగాల చాయ్ ఇచ్చి నేనే చెప్త. గీ పట్టీలు అమ్మి, అత్తమ్మను అద్దాల దుకాణానికి తీస్కపోత."