ఊదని పెద్దమనిషి

లియోంగ్ ఫాన్ రోజూ పనిలోకి వెళ్ళేముందు పుయిన్ బండి దగ్గర గంజి తాగేది. మకావు ఎర్ర మార్కెట్టు పక్క సందులో రేకు కప్పు కింద ఉంటుంది ఆ బండి. వేరుశనగపప్పు, చేప ముక్కలు వేసి పొగలు కక్కే గంజి గిన్నె ముందు పెట్టి, పుయిన్ రోజూ అదే మాట అనేది.

"ఊదుకుని తాగవే. నోరు కాలుతుంది."

"చల్లారనీ."

"అది చల్లారేసరికి నీకు పింఛను వస్తుంది."

ఫాన్‌కి ఊదడం చేతకాక కాదు. జూదశాలలో పేకముక్కలు పంచేవాళ్ళకు ఊపిరి బిగబట్టడం అలవాటు. ఏళ్ళ తరబడి బిగబట్టి బిగబట్టి, ఇంటికొచ్చినా ఆ గాలి బయటికి రావడం మానేసింది. పుయిన్‌కీ ఒకప్పుడు అంతే. ఇద్దరూ పక్కపక్క బల్లల దగ్గర నిలబడి పంచినవాళ్ళే. ఒకరోజు పుయిన్ బల్ల మీద ఒక ముక్క తగ్గింది. దొంగ అన్నారు, పంపించేశారు. ఆ ఊళ్ళో ఒక జూదశాల దొంగ అన్నవాళ్ళను ఇంకో జూదశాల గుమ్మం తొక్కనివ్వదు. ముక్క ఎవరు తీశారని అడిగిన నాథుడు లేడు.

ఫాన్ పని చప్పట్లతో మొదలయ్యేది. జేబుల్లేని నల్లచొక్కా వేసుకుని, బల్ల దగ్గర నిలబడి, చేతులు ఒకసారి చరిచి, అరచేతులు తిరగేసి పైకప్పులో ఉన్న కెమెరా కన్నుకు చూపించేది. చూసుకో, నా చేతుల్లో ఏమీ లేదు అని. మంచినీళ్ళకు వెళ్ళినా చరవాలి, ముక్కు తుడుచుకున్నా చరవాలి. చేతుల్లేకుండా ముక్కలు పంచే మనుషులు దొరికితే యాజమాన్యం వాళ్ళనే పెట్టుకునేది.

ఆట బాకరా. రెండు పక్షాలకూ రెండేసి ముక్కలు పడతాయి, తొమ్మిదికి దగ్గరైన పక్షానిది గెలుపు. బొమ్మ ముక్కల విలువ సున్నా. పెద్ద పందెం పెట్టినవాళ్ళే ముక్క తిప్పాలి. అంచు పట్టుకుని, కొంచెం కొంచెం వంచుతూ, ముక్క మీది గుర్తుల్లో వద్దనుకున్న చుక్క పోవాలని "పో, పో" అంటూ ఊదుతారు. వెనక నిలబడ్డవాళ్ళూ ఊదుతారు. గట్టిగా ఊదితే చుక్క ఎగిరిపోతుంది. లేచి గాల్లో రెండు చుట్లు తిరిగి, ఎవరి జుట్టులోనో, ఎవరి టీ కప్పులోనో వాలుతుంది. ఏడు ఆరవుతుంది. ఎగిరిన చుక్క ఎగిరినట్టే లెక్క. అవతలి పక్షంవాళ్ళూ ఊదుతారు కనక పోట్లాట లేదు. పెట్టెలో ముక్కలన్నీ అయిపోయాక ఫాన్ వేలితో బల్ల మీద తట్టేది. చుక్కలన్నీ ఎక్కడివక్కడ లేచి, వచ్చి, ఏ ముక్కవి ఆ ముక్క మీద సర్దుకునేవి. టీలో పడ్డవి కాస్త ఆలస్యంగా, తడితడిగా వచ్చేవి. అప్పుడు మేనేజరు కువాన్ ముక్కలు సరిచూసేవాడు.

పంచేవాళ్ళ గాలి మాత్రం ముక్కలకు తగలకూడదు. తగిలి ఒక్క చుక్క కదిలినా ఆ పూటే ఉద్యోగం పోతుంది.

ఆ రోజు పగటి పూట ఫాన్ బల్ల దగ్గర మోక్ అత్త కూర్చుంది. జూదశాలవాళ్ళ ఉచిత బస్సెక్కి వారానికి ఒకసారి వచ్చే ముసలావిడ. ఆమె పందెం కోడిపిల్లంత ఉండేది, కబుర్లు ఏనుగంత.

"నీ ముక్కలు నా మీద పగబట్టాయే ఫాన్."

"పగ కాదత్తా, మీ ఊదుడు చాలడం లేదు."

"పళ్ళూడాక గాలి నిలవదమ్మా. పక్కల నుంచి పోతుంది."

ఆమె పక్క కుర్చీలో సితౌ అనే పెద్దమనిషి కూర్చున్నాడు. బల్ల మీద అందరికన్నా పెద్ద పందెం ఆయనదే. ముత్యాల గుండీలున్న పొడుగు చేతుల చొక్కా. ఆయన ఊదడు. ముక్క మీదకి వంగి, రెండు చేతులూ గూడులా కప్పి, ఒకసారి దగ్గి, తిప్పి పెడతాడు. రాజు, ఇస్పేటు తొమ్మిది. గెలుపు. కువాన్ స్వయంగా టీ తెచ్చి వంగి ఇచ్చాడు.

"బాసుగారిది మంచి చెయ్యి," అన్నాడు.

"ఊదడేం ఈయన?" అంది మోక్ అత్త. "గాలికి కూడా వడ్డీ పడుతుందా?"

సితౌ నవ్వాడు. ఫాన్ ఆ దగ్గు విన్నది. దగ్గినప్పుడు చేతులు ఒక్క క్షణం దగ్గరికి రావడమూ చూసింది. కాని చూశానని చెప్పే హక్కు పంచేవాళ్ళకు లేదు. చూడ్డానికి పైన కన్ను ఉంది కదా అంటారు. అది ఎవరి చేతుల మీదకి తిప్పి ఉందో మాత్రం చెప్పరు.

ముక్కలు అయిపోయాయి. ఫాన్ బల్ల తట్టింది. మోక్ అత్త కొప్పులోంచి మూడు కళావరులు, టీ కప్పుల్లోంచి రెండు ఆఠీనులు లేచొచ్చి సర్దుకున్నాయి. కువాన్ ముక్కలు పరిచి సరిచూశాడు.

"ఇస్పేటు తొమ్మిది ఒకటి ఎక్కువ. డైమన్ నాలుగు ఒకటి తక్కువ," అన్నాడు, ముందే తెలిసిన కబురు చెబుతున్నట్టు. "ఏం చేశావ్ ఫాన్?"

"నన్నెందుకు అడుగుతారు? ఆ తొమ్మిది తిప్పినాయన ఇక్కడే ఉన్నాడు. ఆయన్ని అడగండి."

"ఎవర్ని అడగాలో నువ్వు నేర్పుతావా నాకు?" గొంతు తగ్గించాడు కువాన్. "లోపలికి నడు. నేనే తీశానని ఒప్పుకుంటే ఇంటికి పంపిస్తా. లేదంటే పోలీసులు, జైలు. పుయిన్‌కీ ఇదే చెప్పాను. ఆ పిల్ల బుద్ధిగా విన్నది."

బుద్ధిగా. ఆ మాట ఫాన్ గుండెల్లో మేకులా దిగింది. పుయిన్ నిప్పుల ముందు నిలబడి గరిటె తిప్పుతోంది, ఒప్పుకోని తప్పుకు జైలు, ఒప్పుకున్న తప్పుకు గంజి బండి అని ఈ మనిషి పెట్టిన బేరానికి. ఫాన్ లోపలికి నడవలేదు. చేతులు చరిచింది. అరచేతులు తిరగేసి పైన కన్నుకు చూపించింది. కువాన్‌కి చూపించింది. మోక్ అత్తకి చూపించింది. చివరికి సితౌ ముఖం ముందు పెట్టింది.

"నావి చూశారు. ఇప్పుడు మీవి చూపించండి."

సితౌ టీ గుటక వేశాడు. "పనివాళ్ళు చూపిస్తారమ్మా. డబ్బు పెట్టేవాళ్ళు చూస్తారు."

అప్పుడు ఫాన్ ఊపిరి వదిలింది.

ఏళ్ళుగా మింగిన గాలి అది. మేనేజర్ల ముందు మింగింది, తిట్టిన ఆటగాళ్ళ ముందు మింగింది, పుయిన్‌ని వెనక గుమ్మం దాటించిన రోజు మింగింది, అంతా ఒక్కసారి వచ్చింది. బల్ల మీద పరిచిన ముక్కలన్నీ తెల్లగా అయిపోయాయి. చుక్కలన్నీ పిట్టల గుంపులా లేచి దీపాల దాకా పోయాయి. వాటి వెనకే, సితౌ ఎడమచేతి చొక్కా లోపలి నుంచి, ముత్యాల గుండీ పక్కగా, ఒకటి తరవాత ఒకటి నాలుగు ఎర్ర చుక్కలు బయటికొచ్చాయి.

"ఓయ్ ఓయ్," అంది మోక్ అత్త. "బాసుగారి చొక్కాకి డైమన్లు కాస్తున్నాయి."

ఫాన్ బల్ల తట్టింది. చుక్కలన్నీ దిగి ముక్కల మీద సర్దుకున్నాయి. ఆ నాలుగూ మాత్రం బల్ల వైపు చూడనైనా చూడకుండా, వరసగా, సితౌ చొక్కా చేతిలోకే తిరిగి వెళ్ళిపోయాయి. పక్క బల్లలవాళ్ళు కూడా లేచి వచ్చి నిలబడ్డారు. కువాన్ ముఖం పాలిపోయింది. చటుక్కున సితౌ చొక్కాలో వేళ్ళు పెట్టి ముక్కను లాగి, "ఇది మన ముక్క కాదు, మన ముక్కే కాదు," అంటూ చించి పోగులు పెట్టాడు. అది ఎక్కడ దాగి ఉందో వెతక్కుండానే తెలిసింది కువాన్ వేళ్ళకు.

ముక్క చిరిగాక చుక్కలకు ఇల్లు లేదు. కాసేపు గాల్లో దిక్కులేనివాటిలా తిరిగాయి. తరవాత, దాచిన చేతులు రెండు, చించిన చేతులు రెండు, అరచేతికి ఒకటి చొప్పున కూర్చున్నాయి.

కువాన్ చేతుల్ని కోటుకు తుడిచాడు. వేడి తువ్వాలు తెప్పించి రుద్దాడు. చర్మం ఎర్రబడింది గాని చుక్క కదల్లేదు.

"చరవండి నాయనా," అంది మోక్ అత్త. "ఇద్దరూ చరిచి పైకి చూపించండి. ఆ పిల్ల రోజూ చేసేదే కదా, అంత కష్టమేం కాదు."

వాళ్ళు చరవలేదు. మోక్ అత్త ముందు చరిచి తన ముడతల అరచేతులు కన్నుకు చూపించింది. ఆమె వెనక ఒకాయన, ఆయన వెనక ఇంకొకరు, ఆ చుట్టూ ఉన్న వాళ్ళంతా చరిచారు. జనమంతా అరచేతులు పైకి పెట్టి నిలబడితే, మధ్యలో ఇద్దరే పిడికిళ్ళు బిగించుకుని ఉన్నారు. మేడమీద నుంచి పెద్దలు దిగివచ్చేసరికి వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది.

మర్నాడు పొద్దున పుయిన్ గంజి గిన్నె ముందు పెట్టింది.

"నువ్వు ఊదావని విని, నిన్ననే పంపించేస్తారనుకున్నా," అంది.

"పంపించలేదు. పైవాళ్ళు నీ పేరు అడిగారు."

"ఇప్పుడెందుకో నా పేరు?"

"నీ బల్ల మీద ముక్క తగ్గినరోజు సరిచూసింది ఎవరని."

"ఎవరని చెప్పావు?"

"ఎవరో నీకు తెలీదా? కువాన్ అని చెప్పాను. ఎల్లుండి నిన్ను రమ్మన్నారు. రాకపోతే నేనే లాక్కెళతా."

పుయిన్ చేతిలోని గరిటె కుండలోనే నిలిచిపోయింది. ఫాన్ గిన్నె దగ్గరికి లాక్కుని, వంగి, ఊదింది. పొగ పక్కకి వంగి, సందు మలుపు దాకా పోయింది. ఒక చెంచా తాగింది. నోరు కాలలేదు.

అప్పుడు పుయిన్ చేతులు తుండుకి తుడుచుకుంది. ఒక్కసారి చరిచింది. అరచేతులు తిరగేసి, కన్నూ గిన్నూ ఏమీ లేని రేకు కప్పు వైపు ఎత్తింది.

"చూడు," అంది.

ఫాన్ చూసింది. రెండు చేతుల్లోనూ గరిటె పట్టి కాచిన కాయలు, ఒక వేరుశనగ పొట్టు.