ఎర్ర మూత నీళ్లు

మా వదిన ఊరికి వెళుతూ తన అక్వేరియాన్ని నాకు అప్పగించి, "నెల రోజులు దీన్ని ఇలాగే ఉంచి చూపించు. వచ్చాక నిన్ను నా పనిలో చేర్చుకుంటాను" అంది. ఆ మాట విన్నాక నాకు రెండు పూటలు అన్నం సహించలేదు. భయంతో కాదు, సంతోషంతో. లేదు, నిజం చెప్పాలంటే రెండింటితోనూ.

వదిన అంటే మా ఆయన అక్క. మాతోనే ఉంటుంది. ఆసుపత్రుల్లోనూ ఆఫీసుల్లోనూ పెట్టుకునే ఉప్పునీటి తొట్లను చూసుకోవడం ఆవిడ వృత్తి. భుజాన సంచీ, చేతిలో గొట్టాలు, మోచేతుల దాకా తడి. ఎక్కడికి వెళ్లినా లేచి నిలబడి కుర్చీ వేస్తారు. నేనేమో తొమ్మిదో తరగతిలో మా అమ్మ మంచాన పడితే బడి మానేసి, మళ్లీ ఆ గడప తొక్కలేదు. పెళ్లయింది, కూతురు పుట్టింది, దానికి నాలుగేళ్లు నిండాయి. 'ఈ పని నీకు వచ్చు' అని ఇంతవరకు నాతో ఎవరూ అనలేదు. ఆ మాట ఒక్కసారైనా అనిపించుకోవాలని నాకు ఎంతో ఆశ.

తొట్టి మా ముందుగదిలో కిటికీకి ఎదురుగా ఉంటుంది. అందులో అసలు ప్రాణం అనిమోని. చూడడానికి పువ్వులా ఉంటుంది గానీ అది జంతువు. కింద ఒక పాదం, దాంతో రాయిని పట్టుకుంటుంది. పైన వందల వేళ్లు, నడుమ ఒక నోరు. మా అమ్మాయి దాన్ని జుట్టుపువ్వు అంటుంది. మా అమ్మాయిని మేమంతా బుడంకాయ అంటాం. జుట్టుపువ్వులో కాపురముండే తెల్లపట్టీల నారింజ చేపకు మా ఆయన ఇన్‌స్పెక్టరు అని పేరు పెట్టాడు. తొట్టిలో ఎవరు చెయ్యి పెట్టినా వచ్చి కరుస్తుంది.

వదిన వెళ్లింది ఎక్కడో ఒక హోటల్లో గోడంత తొట్టి కట్టడానికి. ఉప్పు కొలిచే మీటరు పని మీద కావాలని పట్టుకెళ్లింది. నాకు రెండు పెద్ద డబ్బాలు, ఒక కాగితం ఇచ్చింది. తెల్ల మూత డబ్బాలో శుద్ధి చేసిన మంచినీళ్లు. ఎర్ర మూత డబ్బాలో సముద్రపు ఉప్పు కలిపిన నీళ్లు. రోజూ తొట్టిలో తగ్గినన్ని నీళ్లు తెల్ల మూత డబ్బాలోంచి పోయాలి. వారానికి ఒకసారి పాతనీళ్లు కొన్ని తీసేసి, ఎర్ర మూత డబ్బాలోంచి పోయాలి. కాగితం మీద అంతే ఉంది.

చదివాను. అర్థమైంది. మనసే ఒప్పలేదు.

సముద్రంలో పుట్టిన దానికి రోజూ మంచినీళ్లు పోయడమేమిటి? చప్పబడి చచ్చిపోదూ? వదిన హడావిడిలో మూతలు తారుమారు చేసి రాసిందేమో అనుకున్నాను. బుడంకాయకు ఒక చొక్కా చాలని అందరూ చెప్పినా రెండోది తొడిగే మనిషిని నేను. అలాగే మొదటి రోజు నుంచి ఎర్ర మూత నీళ్లే పోశాను. ఒక చెంబు, ఒక్కోసారి ఇంకాస్త. పోసిన ప్రతిసారీ, పాపం, దానికి హాయిగా ఉండి ఉంటుందని నా గుండె నిండిపోయేది.

పన్నెండో రోజుకు జుట్టుపువ్వు చిక్కిపోయింది. వేళ్లు పొట్టివయ్యాయి. గోధుమరంగు పోయి, నానబెట్టిన బట్టలా తెల్లబారింది. నోరు తెరుచుకునే ఉంటోంది. ఆకలేమోనని రొయ్యముక్క పెట్టాను. మింగి, గంటలో కక్కింది. చిన్నది పెట్టాను, అదీ కక్కింది. ఇన్‌స్పెక్టరు కాపురం ఖాళీ చేసి, నీళ్లు పీల్చి తిప్పే పంపు వెనక పడుకోవడం మొదలుపెట్టింది.

వదిన మూడు రోజులకోసారి ఫోన్ చేసేది.

"ఎలా ఉంది నా పిల్ల?"

"బాగుంది వదినా."

"విచ్చుకుంటోందా?"

"ఆఁ, ఇంతేసి."

"ఏదీ, ఒక వీడియో పంపు చూద్దాం."

"కెమెరా మసకగా ఉంది వదినా."

పక్కనే అన్నం తింటున్న మా ఆయన, "బాగానే ఉందిగా, పొద్దున నా బొమ్మ తీశావు" అన్నాడు.

"మీ బొమ్మ కాబట్టి మసకైనా పర్వాలేదు. తినండి" అన్నాను ఫోన్ పెట్టేసి.

నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఉన్నది ఉన్నట్టు చెబితే పని పోతుంది. చెప్పకపోతే ఆ ప్రాణం పోతుంది. ఇంత తెలిసీ అబద్ధమే ఆడాను.

ఇరవై ఒకటో రోజు మధ్యాహ్నం బట్టలు మడత పెడుతుంటే బుడంకాయ వచ్చి నా కొంగు లాగింది.

"అమ్మా, జుట్టుపువ్వు ఈదుతోంది."

"అది ఈదదమ్మా."

"ఈదుతోంది. పంపు దగ్గరికి వెళుతోంది."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. పరుగెత్తి చూద్దును కదా, పాదం రాయిని వదిలేసింది. ముడుచుకున్న గుడ్డపేలికలా నీటి వాలున తేలుతూ పంపు నోటికి జానెడు దూరంలో ఉంది. లాక్కుందంటే ముక్కలైపోతుంది. గోడకు నాలుగు ప్లగ్గులున్నాయి. ఏది పంపుదో ఆ క్షణంలో తెలిస్తేగా, నాలుగూ పీకేశాను. దీపం ఆరింది, బుడగలు ఆగాయి, గది అంతా నిశ్శబ్దం. వంటింట్లోంచి కూరగాయల ప్లాస్టిక్ బుట్ట తెచ్చి, పంపు మీద బోర్లించి దారంతో కట్టాను. ఆ హడావిడిలో ఇన్‌స్పెక్టరు నా చూపుడువేలు కరిచింది.

"కరిచిందా అమ్మా?"

"కరిచింది."

"ఏడుస్తావా?"

"తర్వాత ఏడుస్తాలే."

ప్లగ్గులు మళ్లీ పెట్టాను. జుట్టుపువ్వు బుట్టకు తగిలి, జారి, రాళ్ల సందులో వెల్లకిలా పడింది. పట్టు లేదు. మరో పది రోజులుంటే వదిన వస్తుంది.

మర్నాడు మధ్యాహ్నం అదే చూస్తూ కూర్చుండిపోయి పొయ్యి మీద కూర మర్చిపోయాను. మా ఆయన బస్సుల షెడ్డులో మెకానిక్. ఇంటికి వచ్చి మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

"ఇందులో ఎంత ఉప్పు వేశావేమిటి?"

"చెంచాడే వేశాను. రోజూ వేసేదే. నీళ్లు ఇగిరిపోయాయి."

"అయితే ఇంకాసిని నీళ్లు పొయ్యి."

చెంబు ఎత్తాను. ఎత్తిన చెయ్యి అలాగే ఆగిపోయింది. నీళ్లు ఇగిరిపోయాయి, ఉప్పు మాత్రం పోలేదు. అక్కడే ఉండి చిక్కబడింది. ఇప్పుడు నేను ఇందులో ఉప్పునీళ్లు పోస్తానా?

"పోస్తావా, పొయ్యవా?" అన్నాడు మా ఆయన.

చెంబు ఆయన చేతిలో పెట్టి ముందుగదిలోకి పరుగెత్తాను. కిటికీ ఎండకు తొట్టిలో నీళ్లు రోజూ తగ్గుతున్నాయి. ఆవిరయ్యేది నీళ్లే. ఉప్పు ఒక్క రవ్వ కూడా ఎక్కడికీ పోదు. దాని మీద నేను ఇరవై రెండు రోజులుగా ఉప్పునీళ్లు పోస్తున్నాను. వదిన మూతలు తారుమారు చేయలేదు. చేసింది నేను.

తప్పు నాదేనని తెలిసిన మనిషికి ఏడుపు రావాలి. నాకేమో ఒళ్లంతా ఉత్సాహం పట్టుకుంది. జబ్బేమిటో తెలిసిందిగా. అయినా అనుకోవడం వేరు, కొలిచి చూడడం వేరు. మీటరు వదిన దగ్గరుంది. బుడంకాయ దగ్గుమందు సీసా కడిగాను. మా ఆయన పనిముట్ల పెట్టెలోంచి చిన్న నట్లు తీసి అందులో వేశాను. మూతకు బొక్క పెట్టి స్ట్రా గుచ్చి, కొవ్వొత్తి మైనంతో చుట్టూ మూసేశాను. ఎర్ర మూత డబ్బాలో వదిలితే బుడుంగున మునిగింది. ఒక నట్టు తీసి, మళ్లీ మైనం పెట్టి వదిలితే సీసా నీటిలో మునిగి, స్ట్రా మాత్రం సగం పైకి నిలబడింది. ఆ నీళ్లు వదిన కలిపినవి, సరైన ఉప్పు. నీరు తగిలిన చోట గోళ్లరంగుతో గీత పెట్టాను. తర్వాత తొట్టిలో వదిలాను.

గీత నీటికి బొటనవేలి గోరంత పైకి లేచింది.

"చూశారా, చూశారా" అంటూ మా ఆయన చొక్కా పట్టి లాగాను. ఎంగిలి చెయ్యి గాల్లో పెట్టుకుని వంగి చూశాడు.

"అంటే?"

"ఉప్పు ఎక్కువైతే నీళ్లు వస్తువుని పైకి తోస్తాయి. తొట్టి కూరలాగే ఇగిరిపోయింది."

ఆయన కాసేపు సీసాను, కాసేపు నన్ను చూశాడు. "అక్కకి ఫోన్ చెయ్యి" అన్నాడు.

అంతటి ఉత్సాహమూ అక్కడ చల్లబడింది. అయినా చేశాను. ఊపిరి తీయకుండా మొత్తం చెప్పేశాను. కెమెరా అబద్ధంతో సహా.

వదిన ముందు రోజుల లెక్క అడిగింది.

"ఎన్ని రోజులుగా?"

"ఇరవై రెండు."

"కాగితం చదవలేదా?"

"చదివాను వదినా. నమ్మలేదు."

"నన్నా?"

"మిమ్మల్ని కాదు. మంచినీళ్లని."

ఒక నిట్టూర్పు వినిపించింది. "పని సంగతి నేను వచ్చాక మాట్లాడదాం. ముందు అది బతికుందో లేదో చూడు. చచ్చిందంటే కుళ్లి తొట్టిలో ఉన్న చేపనీ చంపుతుంది. వాసనేమైనా వస్తోందా?"

"లేదు."

"చెక్కగరిటె కాడతో మెల్లగా తాకు."

తాకాను. ఏమీ కాలేదు. ఇంకోసారి తాకాను. తెల్లని వేళ్లు నాలుగైదు, నిద్రలో పసిపిల్ల గుప్పిట మూసినట్టు, లోపలికి ముడుచుకున్నాయి.

"ముడుచుకుంది వదినా."

"అయితే ఉంది. ఇదిగో, కంగారుపడి ఒక్కరోజులో ఉప్పు తగ్గించావంటే—"

"తగ్గించను. పొద్దున ఒక చెంబు తొట్టినీళ్లు తీసి ఒక చెంబు మంచినీళ్లు, సాయంత్రం ఒక చెంబు. తగ్గినవి కూడా మంచినీళ్లతోనే నింపుతా. గీత నీటికి దిగేదాకా అంతే. పిల్లకి జ్వరం ఉంటే ఐసునీళ్లతో తలంటుతామా?"

"ఇది నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు."

"ఊఁ" అని పెట్టేసింది. ఆ 'ఊఁ'కి అర్థమేమిటో వెతుక్కుంటూ ఆ సాయంత్రమంతా గడిపాను.

ఆ రోజు నుంచి కళ్లలో వత్తులు వేసుకుని కూర్చున్నాను. పొద్దున చెంబు, సాయంత్రం చెంబు, ప్రతిసారీ సీసా. గీత రోజుకు బియ్యపుగింజంత కిందికి జారేది. బుడంకాయ కుర్చీ ఎక్కి తీర్పు చెప్పేది: "ఇంకా పైన ఉంది. ఇంకా పైనే ఉంది. కొంచెం పైన ఉంది." పక్కింటావిడ వచ్చి, "ఏమిటి, ఇంట్లో ఎవరికైనా బాగోలేదా, మొహం అలా పీక్కుపోయింది?" అంది. అవునన్నాను. ఎవరికని అడిగితే చూపించాను. ఆవిడ చాలాసేపు చూసి, "అయ్యో, తల ఎక్కడ?" అంది.

ఇరవై ఎనిమిదో రోజున గీత నీటిని తాకింది. ఆ మధ్యాహ్నమే రాళ్ల సందులో ఏదో కదిలింది. వెల్లకిలా పడ్డది పక్కకు ఒరిగింది. గంటకు అంగుళం చొప్పున, నేను గిన్నెలు కడగడానికి వెళ్లి వచ్చేసరికి ఇంత, బుడంకాయకు జడ వేసేసరికి ఇంకొంత. మేం వదిన పెట్టిన రాయి వైపు వెళుతుందనుకుంటే, తొట్టి మూలకు వెళ్లి అద్దానికే పాదం అతికించింది. అద్దంలోంచి ఆ పాదం మొత్తం కనబడుతోంది. గుండ్రంగా, అప్పుడే అంటించిన స్టాంపులా. గరిటెతో కాస్త నీళ్లు తోశాను. ఊగింది, ఊడలేదు.

మర్నాటికి నోరు మూసుకుంది. వేళ్లు సాగాయి. ఇన్‌స్పెక్టరు చుట్టూ నాలుగుసార్లు తిరిగి, అనుమానంగా మూతి పెట్టి చూసి, దూరిపోయింది. ముప్పయ్యో రోజున చిటికెన గోరంత రొయ్యముక్క పెడితే వేళ్లన్నీ ఒక్కసారిగా దాని మీద మూసుకున్నాయి. నేను పెట్టిన కేకకు మా ఆయన చేతిలో పానాతో పరుగెత్తుకొచ్చాడు.

"ఏమైంది, ఎవరు?"

"తింటోందండీ."

"తింటే తిననీ, మనుషుల్ని చంపుతావా" అన్నాడు గానీ, ఆయనా అక్కడే గొంతుక్కూర్చున్నాడు. ముగ్గురం గంటసేపు కక్కుతుందేమోనని చూశాం. కక్కలేదు.

ముప్పయ్యొకటో రోజు పొద్దున వదిన వచ్చింది. మంచినీళ్లు ఇస్తే తాగలేదు, కూర్చోలేదు. మీటరు తీసి తొట్టిలో ముంచింది. చూసింది. తుడిచి మళ్లీ ముంచింది. తర్వాత నా దగ్గుమందు సీసా ఎత్తి పట్టుకుని తిప్పితిప్పి చూసింది.

"మీటరు ఇక్కడ ఉంచకపోవడం నా తప్పు" అంది. "రంగు పూర్తిగా రావడానికి నెలలు పడుతుంది. ఉప్పు మాత్రం సరిపోయింది."

ఇంతలో ఆవిడ ఫోన్ మోగింది. విని, "వస్తున్నా" అని పెట్టేసి నా వైపు తిరిగింది.

"పళ్ల డాక్టరు ఆసుపత్రి. వాళ్ల అనిమోని కూడా ముడుచుకుపోయిందట."

"వదినా, నేను అబద్ధం చెప్పాను కదా."

"చెప్పావు, ఒకసారి కాదు. ఇంకొక్కసారి చెప్పావంటే తొట్టిలో ముంచుతా. వస్తున్నావా, లేదా?"

మా ఆయనకు ఆ రోజు సెలవు. నేనేమీ అడగకముందే బుడంకాయను చంకనెత్తుకుని, "వెళ్లు వెళ్లు, మేం దీన్ని చూస్తుంటాం" అన్నాడు. జడ వేసుకునే ఓపిక లేక ముడి చుట్టేసి చెప్పుల్లో కాళ్లు పెట్టాను.

మెట్ల మీద వదిన ఆగింది. "అక్కడికి వెళ్లగానే మొదట ఏం చేస్తావ్?"

"నీళ్లలో చెయ్యి పెట్టను" అన్నాను. "వాళ్లలో తొట్టిని ఎవరు బాగా ప్రేమగా చూసుకుంటున్నారో అడిగి, ఆ మనిషిని పక్కకి పిలుస్తాను. రోజూ ఏం చేస్తున్నారో నిజం చెప్పేదాకా వదలను."

వదిన తన సంచీ తీసి నా భుజానికి తగిలించింది. చాలా బరువుగా ఉంది. అయినా ఆవిడ కంటే నేనే ముందు వీధిలో ఉన్నాను.