గెలాక్సీకి నీళ్లు కొట్టిందెవరు

తేజశ్రీకి మద్రాసులో రీసెర్చి సీటు వచ్చింది. వెళ్లాలంటే మేనత్త సుబ్బరావమ్మ సరేననాలి. ఇంటిపెద్ద తండ్రి చెంచయ్యే. అక్క ఒప్పుకున్న ప్రతిదీ ఆయన స్వయంగా నిర్ణయిస్తాడు.

సుబ్బరావమ్మకి చదువంటే అభ్యంతరం లేదు. కానీ చిలకలూరిపేటలో పెళ్లికెళితే, పిల్ల ఏం చేస్తోందని అడుగుతారు. ఒక్క ముక్కలో చెప్పుకునేలా ఉండాలి. బ్యాంకంటే ఒక్క ముక్క. సాఫ్ట్‌వేరైతే అడక్కముందే చెప్పొచ్చు. అలా చెప్పుకోలేని చదువైతే ఇంట్లోనే కూర్చోబెట్టమంది.

కళ్లంలో ఎండుతున్న మిర్చి పక్కన విచారణ మొదలైంది.

"ఏం వెతుకుతావే అక్కడ?"

"స్టెరైల్ న్యూట్రినోలని, అత్తయ్యా. మామూలు న్యూట్రినోలు మనలోంచే దూరి పోతుంటాయి. ఇవి ఇంకా మొండివి. దేన్నీ పట్టించుకోవు. బరువు మాత్రం ఉంటుంది."

"మీ మావయ్యలాగా."

మంచం మీద పేపరు కప్పుకున్న మావయ్య కదల్లేదు. మంచం మాత్రం కుంగి ఉంది.

"ఇంతకీ ఉన్నాయా అవి?"

"తెలీదు."

చెంచయ్య నుదురు పట్టుకున్నాడు. ఉందో లేదో తెలియనిదాని కోసం హాస్టల్లో ఉండటం ఆ వంశంలో లేదు.

"గెలాక్సీ అంటే కోట్ల నక్షత్రాల గుంపు, అత్తయ్యా. అది తిరిగే తీరుని బట్టి తూకం వేస్తే, కంటికి కనపడే సరుకు కన్నా చాలా ఎక్కువ బరువొస్తోంది. ఆ ఎక్కువ ఈ కణాలదేమోనని అనుమానం."

సుబ్బరావమ్మ చేతిలో చీపురు ఆగింది. గుంటూరు మిర్చి యార్డులో భర్త పేరు మీద కమీషన్ కొట్టు నడిపిన మనిషి ఆమె.

"తూకం పెరగడానికి నీళ్లు కొట్టారు," అంది.

"కాదత్తయ్యా..."

"పైన ఎండుకాయ, లోపల తడికాయ. చెయ్యి పెట్టి చూశారా?"

"చెయ్యి అందదు."

"అందదనేగా వాళ్ల ధైర్యం! ఏరా చెంచయ్యా, ఇంత దగా జరుగుతుంటే పిల్లని ఇంట్లో కూర్చోబెడతావా?"

కూర్చోబెట్టమన్నదెవరో చెంచయ్య గుర్తు చేయలేదు. "తప్పేనక్కా," అన్నాడు.

తేజశ్రీకి సంతోషం పొంగింది. వెనకాలే నిజాయితీ కూడా పొంగింది, బాగా చదువుకున్నవాళ్లకుండే జబ్బు.

"ఎంత వెతికినా దొరక్కపోవచ్చు, అత్తయ్యా. అసలు లేవేమో కూడా."

చెంచయ్య కళ్లు మూసుకున్నాడు.

"లేకపోతే వాటి మీద అనుమానం పోతుంది. అప్పుడు ఇంకోడి బస్తా విప్పండి. వెళ్లు," అంది సుబ్బరావమ్మ.

వెంటనే చీరాల వియ్యపురాలికి ఫోను కలిపింది.

"మా తేజకి తూనికల డిపార్టుమెంటులో వచ్చిందండీ. ఆఁ, తనిఖీలే. ఏరియానా? పెద్దదేనండీ."

తేజశ్రీ నవ్వబోయి తుమ్మింది. మిర్చి ఘాటుకి ఆ తుమ్ములు ఆగలేదు, నవ్వూ ఆగలేదు.